తెరకు దొడ్డిదారి

డాస్ రోజుల్లో తెర మీద అక్షరం పడాలంటే పద్ధతిగా కంప్యూటర్‌లోని ప్రాథమిక సాఫ్ట్‌వేర్ బయోస్‌ను అడగాలి. అది విని, చేసిపెట్టేసరికి ఆలస్యం. అందుకే చెయ్యి తిరిగిన ప్రోగ్రామర్లు అడగడం మానేసి వీడియో మెమరీలోకే నేరుగా రాసేసేవారు.

కలర్ మానిటరైతే ఆ మెమరీ హెక్సా లెక్కలో బీ8000 దగ్గర మొదలు. అక్షరానికి రెండు బైట్లు: ఒకటి అక్షరం, రెండోది రంగు. పదుల లెక్కలో మొదటి దాంట్లో 65, రెండోదాంట్లో 30 వేస్తే తెర ఎడమ పైమూలన నీలం మీద పసుపుపచ్చటి ఇంగ్లీషు ‘ఏ’ ప్రత్యక్షం. 30 బదులు 158 వేయండి, అదే అక్షరం మిణుకుమిణుకుమంటుంది. వరుసకు 80 చొప్పున 25 వరుసలు. తెర మొత్తం 4,000 బైట్లే. మన ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో టర్బో సీ తెరిచి, ఫార్ పాయింటర్‌తో ఈ అల్లరి చేసినవాళ్లు ఇప్పుడు మేనేజర్లయి ఉంటారు.

ఐబీఎం తొలి కలర్ కార్డు సీజీఏకి ఒక జబ్బుండేది. కార్డు మెమరీని చదువుతున్న క్షణంలోనే ప్రాసెసర్ కూడా చెయ్యి పెడితే తెర మీద చుక్కలు చుక్కలుగా ‘స్నో’ రాలేది. తెరను గీసే కిరణం వెనక్కి మళ్లే ఆ కాస్త వ్యవధిలోనే రాయడం దానికి మందు. టర్బో పాస్కల్‌లో ఇందుకోసం చెక్‌స్నో అనే వేరియబులే పెట్టారు.

1987లో వీజీఏ కార్డు వచ్చాక ఆటలు రాసేవాళ్లకు పండగే. అడ్డం 320, నిలువు 200, రంగులు 256, చుక్కకు ఒక బైట్. మొత్తం 64,000. ఒక మెమరీ సెగ్మెంటులో పట్టేది 65,536 బైట్లు కాబట్టి తెరంతా ఒక్కదాంట్లోనే ఇమిడిపోయేది. ఇక చుక్క చోటు కనుక్కోవాలంటే వరుస సంఖ్యను 320తో గుణించాలి. 8086 ప్రాసెసర్‌కి గుణకారమంటే వందకు పైగా క్లాక్ సైకిళ్లు! 320 అంటే 256, 64 కలిపితే వచ్చేదే గదా. బిట్లను ఒకసారి 8 స్థానాలు, ఒకసారి 6 స్థానాలు జరిపి కూడేసేవారు. నన్నడిగితే ఈ విద్య మొత్తంలో అందమైన కిటుకు ఇదే.

1991లో గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ మైకేల్ అబ్రాష్ ‘మోడ్ ఎక్స్’ అనే వీజీఏ పద్ధతి గురించి రాశారు. అందులో వీడియో మెమరీ నాలుగు ప్లేన్లుగా ఉంటుంది కాబట్టి ఒక్క రాతకు ఒకే రంగు చుక్కలు నాలుగు పడతాయి. 1993 నాటి ‘డూమ్’ ఆట కూడా ఈ నాలుగు ప్లేన్ల పద్ధతినే వాడుకుంది.

ఆటలే కాదు, 1983లో వచ్చిన స్ప్రెడ్‌షీట్ లోటస్ 1-2-3 కూడా నేరుగా రాసే రకమే. దాంతో ఐబీఎం నకళ్లు చేసే కంపెనీలకు చిక్కొచ్చింది. ఎంఎస్-డాస్ నడిస్తే చాలదు, వీడియో మెమరీ కూడా అదే అడ్రసులో ఉండాలి. నకలు సరైనదో కాదో లోటస్‌నూ, ఫ్లైట్ సిమ్యులేటర్‌నూ నడిపి తేల్చేవారు.

డాస్‌లో అందరూ తిట్టుకున్న 640 కేబీ మెమరీ హద్దుకు మూలమూ ఇక్కడే. వీడియోకు వదిలిన జాగా ఏ0000 దగ్గర మొదలవుతుంది. పదుల లెక్కలో అది 6,55,360, సరిగ్గా 640 కేబీ.