టమాటాల పండక్కి వెళ్తున్నారా? ఆ ఒక్క గంట గురించి ముందే తెలుసుకోండి

ఈరోజు ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. పోయిన వారం మా అమ్మ ఫోన్ చేసి, "ఏరా, చెల్లి ఏదో టమాటాల పండగంట, స్పెయిన్ వెళ్తానంటోంది. నువ్వు వెళ్లొచ్చావుగా, కాస్త వద్దని చెప్పు" అంది. మా చెల్లి జర్మనీలో ఎం.ఎస్. చేస్తోంది. నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి టికెట్లు కూడా కొనేసింది. ఇప్పుడు వద్దంటే వింటుందా? అందులోనూ నేను చెప్తే! అందుకే వద్దని చెప్పలేదు. నేను వెళ్లినప్పుడు నాకెవరైనా చెప్పుంటే బాగుండేది అనిపించినవన్నీ గంటన్నర సేపు ఫోన్‌లో చెప్పాను. అవే ఇప్పుడు మీకూ చెప్తున్నా.

ముందు తెలియనివాళ్ల కోసం. పండగ పేరు లా టొమాటినా. స్పెయిన్‌లో వాలెన్సియా అనే పెద్ద సిటీకి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో బున్యోల్ అని చిన్న ఊరు ఉంది. జనాభా 10 వేలకి అటూ ఇటూ. ఏటా ఆగస్టులో చివరి బుధవారం ఆ ఊరి వీధుల్లోకి లారీల్లో టమాటాలు తెచ్చి పోస్తారు, జనం ఒకళ్ల మీద ఒకళ్లు విసురుకుంటారు. వందకి పైగా టన్నులు! మనలో చాలా మందికి 2011లో వచ్చిన 'జిందగీ నా మిలేగీ దోబారా' సినిమాతోనే ఇది తెలిసింది. ఆ సీన్ చూసి "లైఫ్‌లో ఒక్కసారైనా" అని లిస్టులో రాసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇది దేవుడి పండగ కాదు. 1945లో ఊళ్లో ఒక ఊరేగింపు జరుగుతుంటే కుర్రాళ్ల మధ్య తోపులాట అయింది, పక్కనే కూరగాయల బండి ఉంది, చేతికందిన టమాటాలు విసురుకున్నారు. వచ్చే ఏడాది అదే రోజున మళ్లీ కొట్టుకున్నారు, ఈసారి ఇళ్ల నుంచి టమాటాలు తెచ్చుకుని మరీ! 1950ల్లో అధికారులు నిషేధించారు. 1957లో ఊరివాళ్లు ఏం చేశారంటే, ఒక పెద్ద టమాటాని శవపేటికలో పెట్టి, బ్యాండు మేళంతో శవయాత్ర తీశారు. దాంతో అధికారులు దిగొచ్చారు. నిరసన అంటే అలా ఉండాలి. (నవ్వు)

సరే, అసలు విషయానికొద్దాం. "టమాటా తగిలితే దెబ్బ తగులుతుందా అన్నయ్యా?" అనేది చెల్లి మొదటి ప్రశ్న. పెద్దగా తగలదు. బాగా మగ్గినవే తెస్తారు, పైగా విసిరే ముందు చేత్తో నలిపేయాలని రూల్ ఉంది. ఆ రూల్ పాటించనివాడు పక్కన ఉంటే చెంప కాస్త చుర్రుమంటుంది, అంతే. భయపడాల్సింది మూడింటికి: జనం, లారీ, కాళ్ల కింద జారుడు. ఈ మూడూ ఒకేసారి, ఒకే సందులో ఎదురవుతాయి.

జనం గురించి చెప్తా. 2012 దాకా టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు. పదివేల మంది ఉండే ఊరికి 40 వేల మందికి పైగా వచ్చేసేవాళ్లు. ఆ ఇరుకు సందుల్లో అది కుదరదని 2013 నుంచి టికెట్ పెట్టి, సుమారు 20 వేలకి పరిమితి చేశారు. "డబ్బుల కోసం పెట్టారు" అని తిట్టేవాళ్లు కూడా ఉన్నారు. నా దృష్టిలో అది ఆ పండగని కాపాడిన నిర్ణయం. 20 వేల మందితోనే మెయిన్ వీధిలో చెయ్యి పైకెత్తితే మళ్లీ దించడానికి చోటుండదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి వినండి. తొక్కిసలాట అంటే కింద పడ్డవాళ్లని తొక్కేయడం అనుకుంటాం. చాలా సార్లు జరిగేది అది కాదు. 2022 అక్టోబర్‌లో సియోల్‌లోని ఇతేవాన్‌లో ఒక సందులో 159 మంది చనిపోయారు. చాలా మందికి ఊపిరి ఆడలేదు, ఛాతీ మీద అంత ఒత్తిడి పడింది. నిలబడి ఉన్నా సరే ఇది జరుగుతుంది. 2025 జూన్‌లో బెంగళూరు స్టేడియం బయట 11 మంది ప్రాణాలు పోయినప్పుడు మనం ఆ వీడియోలన్నీ చూశాం. సరదాకి వెళ్లిన పిల్లలే వాళ్లంతా. బున్యోల్‌లో అలా జరుగుతుందని భయపెట్టడం లేదు. గుంపులో ఎలా నిలబడాలో మాత్రం వెళ్లే ముందే తెలిసుండాలి.

రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, బాక్సింగ్‌లో పెట్టినట్టు. ఊపిరితిత్తులకి ఆ నాలుగు అంగుళాల చోటే ప్రాణం. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి. గుంపు ఊగితే దాంతో పాటు ఊగండి, ఎదురు నెట్టొద్దు. ఊపు తగ్గగానే పక్కకి, ఐమూలగా జరుగుతూ అంచుకి వచ్చేయండి. అరిచి ఊపిరి వృథా చేసుకోవద్దు. ఇక ముఖ్యమైనది, కింద ఏది పడ్డా వంగొద్దు. ఫోన్ పడనీ, షూ ఊడిపోనీ. నా ఎడమ కాలి షూ ఇప్పటికీ బున్యోల్‌లోనే ఎక్కడో ఉంది. అప్పుడు నేను వంగాను కూడా! వెనకనున్న ఒక పెద్దాయన నా కాలర్ పట్టుకుని పైకి లాగి, స్పానిష్‌లో గట్టిగా తిట్టాడు. భాష అర్థం కాలేదు గానీ విషయం అర్థమైంది.

లారీలు. పండగ మధ్యాహ్నం 12కి మొదలై సరిగ్గా గంట నడుస్తుంది. అంతకుముందు పొద్దున సబ్బు, కొవ్వు రాసిన ఒక పొడవాటి గుంజ పైన పంది మాంసం కట్టి, దాన్ని ఎక్కే పోటీ ఉంటుంది. మన ఉట్టి కొట్టడం లాంటిదే. తర్వాత తారాజువ్వ పేలిన శబ్దం వస్తుంది, మొదలు. లారీలు ఒకదాని వెనక ఒకటి అదే జనం మధ్య నుంచి మెల్లగా వస్తాయి. పైన నిలబడ్డవాళ్లు మీ మీదకి విసురుతారు, తర్వాత టమాటాలని వీధిలో కుమ్మరిస్తారు. లారీ వచ్చినప్పుడల్లా జనం రెండు పక్కలకీ చీలి, ఇళ్ల గోడలకి అతుక్కుపోతారు. గోడ దగ్గరున్నవాడి పని అయిపోతుంది. అందుకని పొడవాటి గోడ ముందు కాకుండా, పక్క సందు మొదట్లో నిలబడండి. లారీ వస్తే నాలుగడుగులు వెనక్కి వేసే వీలుంటుంది. మెయిన్ కూడలి దగ్గరే ఉండాలని పంతం పట్టొద్దు. కాస్త దూరంగా ఉన్నా టమాటాలు వస్తాయి, నన్ను నమ్మండి. ఒళ్లు తెలిసి ఉండాలి కాబట్టి ముందు రోజు రాత్రి నుంచే తాగేసి వచ్చేవాళ్లకి దూరంగా ఉండండి, మీరు వాళ్లలో ఒకళ్లు అవ్వొద్దు.

రెండో శబ్దం వినపడగానే ఆపేయాలి. చేతిలో ఉన్నది కూడా కింద పడేయాలి, ఆ రూల్‌ని అక్కడ సీరియస్‌గా తీసుకుంటారు. కొందరు చెవుల్లో గుజ్జు పోకుండా ఇయర్ ప్లగ్స్ పెట్టుకోమంటారు. నేనైతే వద్దంటాను. లారీ హారన్, సెక్యూరిటీ అరుపు వినపడకపోతే ఎలా? చెవులు తర్వాత కడుక్కోవచ్చు.

కళ్లు మాత్రం చాలా జాగ్రత్త. టమాటాలో యాసిడ్ ఉంటుంది, కంట్లో పడితే కారం పడ్డట్టే మండుతుంది. స్విమ్మింగ్ గాగుల్స్ కొనండి, కూలింగ్ గ్లాసెస్ పనికిరావు. కాంటాక్ట్ లెన్స్ అస్సలు పెట్టుకోవద్దు, గుజ్జు దాని వెనక చేరితే ఆ గుంపులో తీయలేరు. కంట్లో పడితే నలపొద్దు, మీ చేతులకీ టమాటానే ఉంటుందిగా. పక్కకొచ్చి మంచినీళ్లతో కడుగుతూనే ఉండండి. నొప్పి తగ్గకపోయినా, చూపు మసకగా ఉన్నా అక్కడున్న ఫస్ట్ ఎయిడ్ వాళ్ల దగ్గరికి వెళ్లిపోండి. యూరప్ అంతటా ఎమర్జెన్సీ నంబర్ 112, ఇది గుర్తుపెట్టుకోండి.

కాళ్లకి పాత షూ, లేసులు రెండు ముళ్లు వేసి. చెప్పులతో వెళ్తే మొదటి ఐదు నిమిషాల్లోనే పోతాయి, తర్వాత మడమ లోతు గుజ్జులో ఉత్త కాళ్లతో నడవాలి. బట్టలు పారేయడానికి రెడీగా ఉన్నవే వేసుకోండి. అందరూ తెల్ల టీషర్ట్ వేసుకుంటారు, ఫోటోలో బాగుంటుందని. అమ్మాయిలకి మా చెల్లికి చెప్పిందే చెప్తున్నా: తడిస్తే తెలుపు ఆగదు, లోపల ముదురు రంగు స్విమ్ సూట్ లాంటిది వేసుకోండి. ఎదుటివాళ్ల బట్టలు చింపడం అక్కడ రూల్ ప్రకారమే నిషేధం. పండగ కదా అని ఎవడైనా చెయ్యి వేస్తే సర్దుకుపోవాల్సిన పని లేదు, అరవండి, సెక్యూరిటీకి చూపించండి. అబ్బాయిలూ, మీ గ్యాంగ్‌లోనే ఒకడు అలా చేస్తుంటే ఆపాల్సింది మీరే.

ఇక మన ప్రాణం, ఫోన్. (నవ్వు) బాక్స్ మీద ఐపీ68 అని ఉంది కదా అని నేను ధైర్యంగా తీసుకెళ్లాను. ఆ రేటింగ్ ఇచ్చేది మంచినీళ్లలో టెస్ట్ చేసి. టమాటా రసంలో యాసిడ్, గింజలు, తొక్కలు. ఆరోజు బాగానే పనిచేసింది. పైపైన తుడిచి రాత్రి చార్జింగ్ పెట్టాను, రెండు రోజుల్లో పోర్ట్ చచ్చిపోయింది. సర్వీస్ సెంటర్‌లో లోపలున్న చిన్న స్టిక్కర్ ఎర్రగా మారడం చూపించి, లిక్విడ్ డ్యామేజ్ కాబట్టి వారంటీ రాదన్నారు. కాబట్టి వీలైతే పాత ఫోన్ తీసుకెళ్లండి. లేదంటే మెడకి తగిలించుకునే వాటర్‌ప్రూఫ్ పౌచ్. అది కొన్నాక ముందు లోపల టిష్యూ పెట్టి బకెట్‌లో అరగంట ముంచి చూడండి, టిష్యూ తడవకపోతేనే ఫోన్ పెట్టండి. అయినా తడిస్తే చార్జింగ్ పెట్టొద్దు, పూర్తిగా ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టడం లాంటివి చేయొద్దు, ఆ పొడి కూడా పోర్ట్‌లోకే పోతుంది.

ఇంకో సంగతి, ఆ గంటలో ఫోన్ ఉన్నా లేనట్టే. తడి వేళ్లకి టచ్ పనిచేయదు, అంత మందిలో నెట్‌వర్క్ దొరకడమూ కష్టమే. "లొకేషన్ షేర్ చేస్తాలే" అన్న ప్లాన్ అక్కడ పనిచేయదు. మన తాతల పద్ధతే దిక్కు: పొద్దున్నే ఒక చోటు చూసుకుని, "తప్పిపోతే రెండింటికి ఇక్కడ" అని అనుకోవాలి. హోటల్ అడ్రస్, ఒక ఫ్రెండ్ నంబర్ కాగితం మీద రాసి జిప్ కవర్లో పెట్టుకోండి. పాస్‌పోర్ట్ హోటల్లోనే, జిరాక్స్ మాత్రమే జేబులో. ఇండియా నుంచి వెళ్లేవాళ్లకి షెంగెన్ వీసా కావాలి, దానికి 30 వేల యూరోల కవరేజ్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలాగూ తప్పనిసరి. ఆ పాలసీ హెల్ప్‌లైన్ నంబర్ కూడా ఆ కాగితం మీదే రాయండి.

అయిపోయాక ఊరివాళ్లు పైపులతో నీళ్లు కొడతారు, బాల్కనీల నుంచి బకెట్లతో పోస్తారు. చాలా మంచివాళ్లు. కానీ టమాటాలతో నిండిన మనిషిని బస్సు ఎక్కనివ్వరు, కాబట్టి పొడి బట్టలు, తువ్వాలు, ఒక పెద్ద చెత్త కవర్ బ్యాగులో పెట్టి, పండగకి ముందే లాకర్‌లో పెట్టేయండి. ఆగస్టు ఎండలో రెండు మూడు గంటలు నిలబడతారు కాబట్టి లోపలికి వెళ్లే ముందే బాగా నీళ్లు తాగండి, సీసాలు లోపలికి తీసుకెళ్లకూడదు.

"అన్ని టమాటాలు వేస్ట్ కదా" అని మీలో కొందరు అంటారని తెలుసు. అమ్మకానికి పనికిరానివే తెస్తామని నిర్వాహకులు చెప్తారు. మదనపల్లె మార్కెట్లో 2023లో కిలో 200 దాకా పోవడమూ చూశాం, రేటు లేక మన రైతులు రోడ్డు మీద పారబోయడమూ చూశాం. ఆ రెండూ చూసినవాడిగా నాకూ మొదట చెయ్యి రాలేదు. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

చెల్లి అన్నీ విని, "సరే అన్నయ్యా, గాగుల్స్ నువ్వు పంపిస్తావా?" అంది. రెండు జతలు పంపించాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఉంటాను ఫ్రెండ్స్, బై.