తనిఖీ అధికారికి చట్టపు రక్ష

మనము అంగడికి పోయి కిలో కందిపప్పు కొందుము. తక్కెడలోని తూకపురాయి సరియైనదో కాదో మనకు తెలియదు. నూనెలో కల్తీ యున్నదో లేదో కంటికి కనబడదు. ఇంటింటను పరీక్షశాల పెట్టుకొనుట సాధ్యము కాదు గదా! కావున మన యందఱి పక్షమున ఆ పని చేయుటకు ప్రభుత్వము కొందఱిని నియమించినది. తూనికలు, కొలతలు చూచువా రొకరు. ఆహారపదార్థముల నమూనాలు తీయువా రొకరు. రైలుబండిలో టికెట్లు పరీక్షించువారు మఱియొకరు. వీరే తనిఖీ అధికారులు.

వీరి పని కత్తిమీద సాము వంటిది. అధికారి తఱచుగా ఒంటరిగానో, ఒకరిద్దరు సహాయకులతోనో పోవును. పోయిన చోటు పరులది. తప్పు బయటపడినచో నష్టపోవువాడు ఎదుటనే నిలిచియుండును. వాడు కోపించి చేయిచేసికొన్నచో దెబ్బ తగులునది ఒక్కని వీపుమీదనే. కాని ఆ యధికారి భయపడి మఱునాడు చూచియు చూడనట్లు పోయినచో, కల్తీనూనె తినువారు వేలమంది. అందువలననే చట్టము దీనిని సామాన్యపు జగడముగా నెంచదు.

1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలోనే ఇందులకు సెక్షనులు ఉండెను. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చినది. ఇందు మూడు మెట్లు కలవు. ప్రభుత్వోద్యోగి విధికి బుద్ధిపూర్వకముగా అడ్డుతగులుట మొదటిది. 221వ సెక్షను దీనికి మూడు నెలల వఱకు కారాగారవాసమో, 2,500 రూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధించుచున్నది. విధి నిర్వహింపనీయకుండ దౌర్జన్యమునకు దిగుట రెండవది. 132వ సెక్షను ప్రకారము దీనికి రెండేండ్ల వఱకు కారాగారవాసము విధింపవచ్చును. గాయపఱచుట మూడవది. 121వ సెక్షను ప్రకారము సామాన్య గాయమునకు ఐదేండ్ల వఱకు, తీవ్ర గాయమునకు ఒక యేడాదికి తగ్గకుండ పదేండ్ల వఱకు శిక్ష పడవచ్చును. అదే సామాన్య గాయము పొరుగువానికి చేసినచో సాధారణముగా ఏడాది వఱకే శిక్ష. ఈ భేదమును గమనింపుడు.

ప్రత్యేక చట్టములును కలవు. రైల్వే ఉద్యోగి విధికి అడ్డుపడినవానికి 1989వ సంవత్సరపు రైల్వే చట్టము 146వ సెక్షను ఆరు నెలల వఱకు కారాగారవాసము నిర్ణయించినది.

అయితే ఈ రక్షకు హద్దు కలదు. సెలవునాడు ఇంటిగోడ విషయమై పొరుగువానితో కలహించిన అధికారికి ఈ సెక్షనులు తోడురావు. నిన్న న్యాయముగా చేసిన తనిఖీకి పగబట్టి, నేడు దారికాచి కొట్టినచో మాత్రము అవి వర్తించును. రక్ష యంతయు ఉద్యోగధర్మమును అంటిపెట్టుకొని యుండును.

అధికారమును దుర్వినియోగము చేసినవానిని కూడ చట్టము విడువదు. 2006వ సంవత్సరపు ఆహార భద్రత, ప్రమాణముల చట్టమున 39వ సెక్షను కలదు. తగిన కారణము లేకుండ వేధించుటకై సరకు స్వాధీనము చేసికొనిన ఆహార భద్రతాధికారి దాని ప్రకారము లక్ష రూపాయల వఱకు జరిమానాకు పాత్రుడగును.

కావున అంగడికి వచ్చిన అధికారిని గుర్తింపుపత్రము చూపుమని మర్యాదగా అడుగవచ్చును. అన్యాయము జరిగినదని తోచినచో పై అధికారికి వ్రాసికొనవచ్చును, న్యాయస్థానమున కెక్కవచ్చును. చేయి ఎత్తుట మాత్రము తగదు.

బాలబాలికలారా! రేపు మీలో కొందఱు తక్కెడ పట్టుదురు; కొందఱు తనిఖీకి పోవుదురు. ఇరువురకును ఈ చట్టము తెలిసియుండుట మేలు.