సంకరజాతి శునకం: అందం ఎవరికి, ఆయాసం ఎవరికి?

పుదుచ్చేరి పట్టణంలో సాయంకాలమయ్యేసరికి గుబేర్ అవెన్యూ మీద వాహనాల రాకపోకలు నిలిచిపోతాయి. సముద్రపు గాలి కోసం వచ్చే జనంతో పాటు పెంపుడు కుక్కలూ ఆ దారిన నడుస్తాయి. కొన్ని మంచుదేశాలకు తగిన దట్టమైన వెంట్రుకలను మోస్తుంటాయి. కొన్ని అణగిన ముక్కుతో గురకపెడుతూ నడుస్తాయి. మరికొన్ని ఏ రెండు జాతుల కలయికో చూడగానే చెప్పలేము. గోడవార పడుకున్న ఊరకుక్క మాత్రం తన పొట్టి వెంట్రుకలతో, పొడవాటి మూతితో ఏ ఆయాసమూ లేకుండా వాటిని చూస్తూ ఉంటుంది.

ఈ తేడాకు కారణమున్నది. కుక్కకు మనిషికి వలె ఒళ్ళంతా చెమట పట్టదు. అది నాలుక చాచి రొప్పుతూ దేహతాపాన్ని తగ్గించుకొంటుంది. నోటిలోని తడి ఆవిరైతేనే దానికి చల్లదనం. సముద్రతీరంలో గాలి అప్పటికే తేమతో నిండి ఉండడం వలన తడి త్వరగా ఆవిరి కాదు. పొట్టిముక్కు కుక్కకు శ్వాసమార్గమే ఇరుకు కనుక దాని కష్టం రెట్టింపవుతుంది. ఇటువంటి చోట రెండు కుక్కలను జతపరచడమంటే, పుట్టబోయే పిల్ల పది పన్నెండేళ్ళు ఏ శరీరంతో బ్రతకవలెనో ముందుగా నిర్ణయించడమే. ఆ నిర్ణయం చేసేది మనిషి, అనుభవించేది కుక్క.

శునకాల పెంపకంలో రెండు నమ్మకాలు ప్రబలంగా ఉన్నాయి. శుద్ధజాతి కుక్కే శ్రేష్ఠమైనదన్నది ఒకటి. సంకరజాతి కుక్క ఎల్లప్పుడూ ఆరోగ్యంగా ఉంటుందన్నది రెండవది. రెండింటిలోనూ కొంత సత్యమున్నది. ఏ ఒక్కటీ పూర్తి సత్యం కాదు.

సంకరణం వ్యాపారంగా మారిన తీరుకు లాబ్రడూడుల్ కథ మంచి ఉదాహరణ. 1980ల చివర ఆస్ట్రేలియాలో అంధులకు మార్గదర్శక శునకాలను సమకూర్చే సంస్థలో వాలీ కాన్రన్ పనిచేసేవారు. హవాయి నుండి ఒక అంధ మహిళ ఆ సంస్థ సహాయం కోరింది. ఆమెకు కుక్క అవసరం. ఆమె భర్తకు కుక్క పడదు. కాన్రన్ ఒక పూడిల్‌ను లాబ్రడార్‌తో జతపరచారు. 1989లో పుట్టిన మూడు పిల్లలలో సుల్తాన్ అనే ఒక్కటే ఆ భర్తకు సరిపడింది. మిగిలినవాటిని పెంచడానికి కుటుంబాలను వెదికితే, సంకరజాతి అనగానే ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు వాటికి లాబ్రడూడుల్ అని కొత్త పేరు పెట్టారు. పిల్లలు అవే, పేరు మాత్రమే మారింది; వెంటనే గిరాకీ పెరిగింది. రోగపరీక్షలేవీ చేయించకుండా దొరికిన కుక్కనల్లా పూడిల్‌తో జతపరచి అమ్మేవారిని చూసి, ఆ సంకరణానికి తాను పూనుకొన్నందుకు కాన్రన్ తరువాతి కాలంలో బహిరంగంగా విచారం వెలిబుచ్చారు.

ఆ విచారం అకారణం కాదు. ప్రతి ప్రాణికీ ఒక్కొక్క జన్యువు రెండు ప్రతులుగా లభిస్తుంది: తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. అనేక వంశపారంపర్య వ్యాధులు, లోపమున్న ప్రతులు రెండూ కలిసినప్పుడే బయటపడతాయి. దగ్గరి బంధువులనే జతపరచే శుద్ధజాతులలో అటువంటి కలయిక తరచుగా జరుగుతుంది. వేరొక జాతితో కలిపినప్పుడు మంచి ప్రతి లోపాన్ని కప్పివేస్తుంది. సంకరణపు మేలు ఇదే. కాని రెండు జాతులలోనూ అదే లోపం దాగి ఉంటే ఆ మేలు దక్కదు. రెటీనా క్రమంగా క్షీణించి చూపు పోయే ఒక వ్యాధి లాబ్రడార్‌లోనూ, పూడిల్‌లోనూ ఉన్నది. తుంటికీలు సరిగా అమరని జబ్బూ అంతే. పరీక్షించకుండా జతపరచితే పిల్లకు ఇరువైపుల నుండీ అదే ఆస్తి సంక్రమించవచ్చు.

పరిశోధనలూ ఈ మాటనే బలపరుస్తున్నాయి. అమెరికాలో 2013లో వెలువడిన ఒక అధ్యయనం, 27 వేలకు పైగా కుక్కల వైద్యవివరాలలో 24 వంశపారంపర్య వ్యాధులను పరిశీలించింది. పది వ్యాధులు శుద్ధజాతులలో హెచ్చుగానూ, ఒకటి సంకరజాతులలో హెచ్చుగానూ కనిపించాయి. తక్కిన పదమూడింటిలో భేదం లేదు. 2024లో బ్రిటన్ పరిశోధకులు పూడిల్ సంకరాలైన మూడు రకాలను వాటి మాతృజాతులతో 57 వ్యాధుల విషయమై పోల్చారు. సుమారు 87 శాతం పోలికలలో తేడాయే కనిపించలేదు.

ఈ కుక్క ఎవరికైనా పడుతుందన్న ప్రచారమూ నిలువలేదు. 2012 నాటి డచ్చి అధ్యయనంలో, పడనితనం కలిగించవని పేరుపొందిన జాతుల వెంట్రుకలలో ఆ పదార్థం తక్కువగా కాక, ఎక్కువగానే కనిపించింది. గుణం మాటా అంతే. ఒక్కొక్క కుక్క ప్రవర్తనలోని తేడాలలో జాతి వలన కలిగేది తొమ్మిది శాతమేనని 18 వేలకు పైగా కుక్కలపై జరిగిన అమెరికా పరిశోధన 2022లో తెలిపింది. లాబ్రడార్ సాధుగుణం, పూడిల్ తెలివి ఒకే పిల్లలో కొలిచి పోసినట్లు కలుస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అంతమాత్రాన సంకరణమే పాపమనడం న్యాయం కాదు. డాల్మేషియన్ జాతి కుక్కలన్నింటిలోనూ యూరిక్ ఆమ్లాన్ని హెచ్చించే జన్యులోపం స్థిరపడిపోయింది. మూత్రంలో రాళ్ళు వాటికి పెద్ద బెడద. జాతిలో మంచి ప్రతి మిగలలేదు కనుక బయటి నుండి తేవడం తప్ప గత్యంతరం లేదు. జన్యుశాస్త్రజ్ఞుడు రాబర్ట్ షైబుల్ 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో ఒక్కసారి జతపరచి, ఆ సంతతిని తరతరాలుగా తిరిగి డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. మచ్చలు నిలిచాయి, రోగం తొలగింది. అయినా వంశశుద్ధిని పట్టుకొన్నవారు వాటిని అంగీకరించడానికి దశాబ్దాలు పట్టింది. అమెరికన్ కెనెల్ క్లబ్ చివరకు 2011లో వాటికి తలుపు తెరిచింది. లాబ్రడూడుల్ వ్యాపారంలోనూ, ఇక్కడా జరిగింది సంకరణమే. ఒకచోట కొనేవాని ముచ్చట, మరొకచోట కుక్క బాధ లక్ష్యమయ్యాయి.

ఇదే ప్రశ్న దేశవాళీ జాతుల విషయంలో మరింత చిక్కుగా ఎదురవుతుంది. పుదుచ్చేరికి దక్షిణాన, తమిళనాడులోని రాజపాళయంలో, విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుండి వలసవచ్చిన రాజుల కుటుంబాలు నేటికీ తెలుగు మాట్లాడుతాయి. ఆ ఊరి పేరుతో ప్రసిద్ధమైన తెల్లని వేటకుక్క 2005లో తపాలాబిళ్ళకెక్కింది. తెల్లని ఒళ్ళు, గులాబి ముక్కు కోసం తరతరాలుగా ఎంచి పెంచడం వలన ఆ జాతిలో పుట్టు చెవుడు పొంచి ఉన్నది. విదేశీ కుక్కలతో విచ్చలవిడిగా కలిపితే అరుదైన జాతి కరిగిపోతుంది. కొద్దిపాటి కుక్కలనే తమలో తాము జతపరచితే చెవుడు వ్యాపిస్తుంది. జతకు ముందే వినికిడి పరీక్షించి, బంధుత్వం లేని జంటలను ఎంచుకోవడమే మధ్యేమార్గం.

చట్టం కొంత హద్దు గీసింది. కేంద్రప్రభుత్వం 2017లో చేసిన నియమాల ప్రకారం ఆడకుక్కను పద్దెనిమిది నెలలు నిండకుండా జతపరచరాదు. ఏడాదికి ఒక ఈత, జీవితంలో ఐదు ఈతలు మించరాదు. ఎనిమిదేళ్ళు దాటినదాన్ని ఈనిపించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. 2024లో తమిళనాడు ప్రభుత్వం మరొక అడుగు వేసి, సైబీరియన్ హస్కీ, పగ్, సెయింట్ బెర్నార్డ్ వంటి పదకొండు విదేశీ జాతులు అక్కడి వాతావరణానికి తగవని తన విధానపత్రంలో పేర్కొన్నది. పెంపకందారులు దానిపై న్యాయస్థానానికి వెళ్ళారు. వివాదం ఎట్లున్నా, తమిళనాడు తీరపు ఎండకూ పుదుచ్చేరి ఎండకూ భేదం లేదన్నది కుక్కకు తెలుసు.

కనుక కుక్కపిల్లను తెచ్చుకోదలచినవారు అడగవలసిన మొదటి ప్రశ్న అది శుద్ధజాతిదా, సంకరమా అన్నది కాదు. తల్లిదండ్రుల తుంటికీళ్ళు, కళ్ళు, గుండె పరీక్షించారా? ఆ కాగితాలు చూపగలరా? తల్లికి ఇది ఎన్నవ ఈత? ఈ ఊరి వేసవికి ఆ వెంట్రుకలు, ఆ ముక్కు తగినవేనా? సమాధానాలను తూచడానికి పశువైద్యుని సలహా తీసుకోవచ్చు. పుదుచ్చేరివారికి కురుంబపేటలో 1994 నుండీ పశువైద్య కళాశాలే ఉన్నది. అమ్మేవారి ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లను ఎత్తుకొనే ముందు తల్లిని చూపమని అడగవలె. అది నాలుగు అడుగులు వేసినప్పుడు ఎట్లా నడుస్తున్నదో, ఎట్లా ఊపిరి తీస్తున్నదో చూడవలె. తల్లిని చూపడానికి ఒప్పుకోనివారి దగ్గర, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా, బేరం మానుకోవడమే మంచిది.