వంగనారుకు ఉస్తి వేళ్ళు

నిన్నటి సాయంకాలము వరకు పిందెలతో నిండుగా నిలిచిన వంగమొక్క నేటి మధ్యాహ్నమునకు తలవాల్చుట పెరటిసేద్యము చేయువారు ఎరిగిన సంగతియే. నీరు చాలలేదేమో యని మరి రెండు చెంబులు పోయుదురు. ఆకు ఇంకను పచ్చగా నుండగనే మొక్క చచ్చును. పురుగు కనిపించదు, ఆకుపై మచ్చయు నుండదు. ఇది బాక్టీరియా వలన వచ్చు ఎండు తెగులు అగునో కాదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. వడలిన మొక్కను నేలకు దగ్గరగా కోసి, ఆ కొనను గాజు గ్లాసులోని తేటనీటిలో ముంచి కదల్చక పట్టవలెను. కొన్ని నిమిషములలో పాలవంటి సన్నని దారలు క్రిందికి జారినచో అదియే.

ఈ సూక్ష్మజీవి నేలలో ఏండ్ల తరబడి నిలుచును. వేళ్ళ గాయములగుండా లోనికి చొచ్చి, నీరు పైకెక్కు నాళములను పూడ్చివేయును. తెగులు పట్టిన మొక్కను బ్రతికించు మందు లేదు. అదే మడిలో మరల వంగ, టమాటా, మిరప ఏది నాటినను భయమే. చిన్న పెరటిలో మడి మార్చుటకు చోటెక్కడ? నేలను మార్చలేనివారు వేరును మార్చవచ్చును.

మామిడికి, గులాబీకి అంటు కట్టుట మనకు క్రొత్త కాదు. కొద్ది నెలల కూరమొక్కకు ఇంత శ్రమ యేల యని నవ్వువారు ఉందురు. కాని జపానువారు 1920 తరువాతి సంవత్సరములలోనే పుచ్చతీగను గుమ్మడి, సొర వేళ్ళపై కట్టి ఎండు తెగులును తప్పించుకొనిరి. తైవానులోని ప్రపంచ కూరగాయల కేంద్రము టమాటాను వంగ వేళ్ళపై కట్టు పద్ధతిని ప్రచారము చేసినది. ఈ వేళ్ళు నిలువనీటిని సైతము టమాటా వేళ్ళకంటె ఎక్కువ దినములు ఓర్చును. వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థవారు 2021లో ఒకే వేరుపై వంగను, టమాటాను కలిపి కాయించిరి. అది చూడ వేడుకయే. మాకు అంతకన్న ముఖ్యముగా తోచునది రాయ్‌పూర్ ప్రాంతపు నర్సరీలలో జరుగుచున్న పని. అచ్చట ఉస్తివేరుపై కట్టిన వంగనారు రైతులకు అమ్ముచున్నారు.

ఉస్తి యనగా గుత్తులుగా చిరుచేదు కాయలు కాయు ముళ్ళపొద. ఆ కాయలతో వరుగులు పెట్టుదురు. వంగ కుటుంబమునకు చెందినదే గనుక అతుకు కుదురును. ఎండు తెగులును, వేళ్ళపై బొడిపెలు కట్టించు నులిపురుగులను చాలవరకు తట్టుకొనును.

ఉస్తి విత్తు మొలచుటలో బద్ధకస్థురాలు. వంగ విత్తుటకు రెండు మూడు వారముల ముందే దీనిని చల్లవలెను. రెండు మొక్కల కాండములును అగ్గిపుల్ల లావునకు వచ్చినపుడు, ఉస్తి తలను బీజదళములకు పైన అడ్డముగా కోసి, శుభ్రమైన బ్లేడుతో నడుమ సెంటీమీటరు లోతున చీల్చవలెను. రెండు మూడు ఆకులున్న వంగకొనను తీసి, అడుగును ఇరుప్రక్కల ఉలిమొనవలె చెక్కి, ఆ చీలికలో దింపి చిన్న క్లిప్పు తగిలించవలెను.

చేయి తిరిగినవారికి ఇది నిమిషము పని. చిక్కంతయు తరువాతి వారముననే యున్నది. వంగకొనకు ఇంకను వేరు లేదు, ఆకులు మాత్రము నీటిని ఆవిరి చేయుచునే యుండును. అందుచేత అంటులను తడిసిన గాలి నిలుచునట్లు పాలిథీను గుడ్డతో కప్పి, మొదటి రెండు మూడు దినములు దాదాపు చీకటిలోనే ఉంచవలెను. గుడ్డపై ఎండ పడినచో లోపల ఉడికిపోవును. అటుపై దినమునకు కొంత వెలుతురును, గాలిని అలవాటు చేయవలెను. తొందరపడి తెరచినచో అంతయు వృథా.

నాటునపుడు అతుకు మట్టికి పైననే యుండవలెను. మట్టిలో కూరుకొన్నచో వంగకాండము తన సొంత వేళ్ళు దింపును, వాటి ద్వారమున తెగులు మరల లోనికి వచ్చును. అతుకు క్రింద పుట్టు ఉస్తి చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లవలెను. కాయతొలుచు పురుగు మాత్రము వేరు ఎవరిదని విచారింపదు, దానికి వేరు ఉపాయము చూచుకొనవలసినదే.

గట్టి వేరు గదా యని ఉమ్మెత్తపై టమాటా కట్టరాదు. ఉమ్మెత్త విషము వేళ్ళలో తయారై పైకెక్కి పండ్లలో చేరును. అట్టి పండ్లు తిని అస్వస్థులైనవారు అమెరికాలో కలరు. ఉస్తిపై కట్టిన వంగకు ఆ భయము లేదు. పైగా ఉస్తి పెక్కేండ్లు బ్రతుకు పొద గనుక, కాపు తగ్గినపుడు వంగకొమ్మలను కత్తిరించి ఎరువు వేసినచో మరల చిగిర్చి కాయును.