అమ్మా... ఇంకోసారి చదవవా!

తాండూరు అనగానే నాపరాయి, కందిపప్పు గుర్తొస్తాయి. అక్కడి పిల్లలకు ఇంకో సంపదా ఉంది... భాషలు! కర్ణాటక సరిహద్దు కావడంతో తెలుగు, ఉర్దూ, కన్నడ, తండాల్లో లంబాడీ చెవిన పడుతుంటాయి. బడికెళ్లాక మాత్రం పుస్తకాల్లోని తెలుగు చాలామందికి కొత్తే. ఆ బెరుకు పోవాలంటే పెద్దలు ఇంట్లో కథలు చదివి వినిపించాలి. పుట్టినప్పటి నుంచే చదవమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో సూచించింది.

'మాకు చదువు రాదే' అని వెనకాడొద్దు. బొమ్మలు చూపిస్తూ ఇంటి భాషలోనే కథ అల్లండి. మధ్యలో ఆపి 'తర్వాత ఏమైతది?' అనడగండి. ఊహ రెక్కలు విప్పుతుంది. ఒకే పుస్తకం పదిసార్లు అడిగినా విసుక్కోవద్దు. మాటలు మనసుకెక్కేది అలాగే.

పుస్తకాలు కొనలేమా? 'ప్రథమ్ బుక్స్' 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. ఫోన్ మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి సుమా!

రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి పది నిమిషాలు కేటాయిస్తే చాలు. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో సన్నని ధారగా పుట్టే మూసీయే కదా, ముందుకెళ్లి నదయ్యేది!