సముద్రపు తోడేళ్ల కొన

అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో, కార్మెల్ పట్టణం దాటి దక్షిణంగా 5 కిలోమీటర్లు పోగానే ఒకటో నంబరు రహదారికి పడమటివైపు కనిపించే పాయింట్ లోబోస్‌ను చూడవచ్చేవాళ్లు వాడుకలో పార్కు అన్నా, ప్రభుత్వ లెక్కల్లో అది 'స్టేట్ నేచురల్ రిజర్వ్', అంటే అక్కడి నేల, నీరు, చెట్టు, జంతువు చెడకుండా చూడటమే మొదటి పనిగా, జనం వినోదాన్ని ఆ తరవాతి మాటగా పెట్టుకున్న రక్షిత ప్రాంతం. ఈ తేడా తెలియకుండా వెళ్లినవాళ్లకు అక్కడి నిషేధాలు చాదస్తంగా తోస్తాయి. పెంపుడు కుక్కను కారులోనే ఉంచుతామన్నా గేటు దాటనివ్వరు, బాటకు అటూ ఇటూ కట్టిన సన్నని తీగ దాటి అడుగు వేయనివ్వరు, ఒక పువ్వునుగానీ గులకరాయినిగానీ జేబులో వేసుకోనివ్వరు. శాన్ హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల తెలుగువాళ్లకు ఇది సుమారు రెండు గంటల ప్రయాణం కనుక, స్నేహితులు నలుగురైదుగురు కలిసి పొద్దున్నే పులిహోర కలుపుకుని బయలుదేరి రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఆ పులిహోర తినడానికి మాత్రం బల్లలు వేసిన చోటికే పోవాలి, ఉడుతలు ఎంత బతిమాలినట్టు చూసినా వాటికి మెతుకు వేయకూడదు.

ఇంత కట్టుదిట్టంగా కాపాడుతున్న ఈ నేల మనిషి చెయ్యి పడనిదేమీ కాదన్నదే ఇక్కడి అసలు విశేషం. ఉత్తరపు అంచున ఉన్న వేలర్స్ కోవ్ అనే చిన్న అఖాతం పక్కన 1850లలో చైనా జాలరులు కట్టుకున్న చెక్క ఇల్లు నేటికీ ఉంది. లోపల నేల మీద పరిచిన పలకల కిందికి చూస్తే, మన పాత ఇళ్లలో దూలాల కింద రాతి దిమ్మెలు పెట్టినట్టు, తిమింగలం వెన్నుపూసలు కనిపిస్తాయి. 1860లలో అజోర్స్ దీవుల నుంచి వచ్చిన పోర్చుగీసువాళ్లు ఆ అఖాతం ఒడ్డునే తిమింగలాల కొవ్వు కాచి దీపాల నూనె తీశారు. తరవాత జపాను నుంచి వచ్చిన గెన్నోసుకె కొడానీ, స్థానిక భూయజమాని అలెగ్జాండర్ అలన్‌తో కలిసి, అబలోనీ అనే చెవి ఆకారపు పెద్ద సముద్రపు నత్తల మాంసాన్ని డబ్బాల్లో నింపే పరిశ్రమ నడిపాడు. వీటికి తోడు ఇక్కడ గ్రానైటు రాయి కొట్టారు, ఓడలకు బొగ్గు ఎత్తారు, 1890 ప్రాంతంలో 'కార్మెలిటో' పేరుతో వెంచరు వేసి ఇళ్ల స్థలాలు కూడా అమ్మజూపారు. 1898లో ఇక్కడ భూమి కొన్న అలన్, అప్పటికే అమ్ముడుపోయిన స్థలాలను తిరిగి కొనుక్కుంటూ వచ్చాడు. ఆయన మరణానంతరం, 1933లో, రాష్ట్ర ప్రభుత్వం ఈ నేలను సొంతం చేసుకుంది. నేడు సందర్శకుడు 'అసలు ప్రకృతి' అని మురిసిపోయేది, నిజానికి మనిషి పని మానేసి తప్పుకున్నాక తిరిగి పుంజుకున్న ప్రకృతి.

అలన్ దంపతుల స్మారకంగా ఉన్న సైప్రెస్ తోపు చుట్టూ తిరిగే బాట కిలోమీటరు పైచిలుకే అయినా, తొందరగా నడిచేది కాదు. మాంటెరే సైప్రెస్ అనే ఈ వృక్షాన్ని గాలి అడ్డుకోవడానికి న్యూజిలాండు వంటి దూరదేశాల్లో కూడా విరివిగా నాటుకున్నారు గానీ, అది తనంతట తాను మొలిచి పెరిగే తోపులు లోకంలో రెండే మిగిలాయి. ఒకటి ఇది, రెండోది కార్మెల్ అఖాతానికి ఆవలి ఒడ్డున ఉంది. మన తీరంలోని సరుగుడు తోటల మీదుగా వీచే గాలిని ఎరిగినవాళ్లకు కూడా ఈ చెట్ల వంపులు వింతగానే ఉంటాయి. కొన్నింటి కొమ్మల మీద ఇటుకపొడి అద్దినట్టు నారింజరంగు పూత కనిపిస్తుంది. అది తెగులు కాదు, ట్రెంటెపోలియా అనే శైవలం, అంటే నాచు కుటుంబానికి చెందిన జీవి. వర్గీకరణలో ఆకుపచ్చ శైవలమే అయినా, క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్ దానిలోనూ దండిగా ఉండటంవల్ల పచ్చదనం బయటపడదు. చెట్టు దానికి కూర్చునే చోటే తప్ప ఆహారం కాదు.

తోపు దాటి పడమటి కొనకు చేరేలోపే అరుపులు వినిపిస్తాయి. స్పెయిన్‌వాళ్లు ఈ చోటును 'సముద్రపు తోడేళ్ల కొన' అన్నది ఆ అరుపుల మూలానే. అరిచేవి సముద్ర సింహాలు. వీటిని సీళ్లతో కలిపి అందరూ ఒకే పేరు పెట్టేస్తారు గానీ, గుర్తుపట్టడం తేలికే. సముద్ర సింహానికి బయటికి చిన్న చెవిడొప్ప ఉంటుంది, ముందు రెక్కల మీద లేచి నడుస్తుంది, నోరు మూయదు. ఇక్కడి హార్బర్ సీలుకు చెవిడొప్ప లేదు, ఒడ్డున పొట్ట మీద పాకుతుంది, రోజంతా రాతి మీద అరటిపండులా ఒంపు తిరిగి మౌనంగా పడుకుంటుంది.

కొండ అంచు నుంచి కిందికి చూస్తే నీటి మీద తేలే గోధుమరంగు ఆకులు కెల్ప్ అనే సముద్రపు అడవి పైకొమ్మలు. అనుకూలించిన రోజుల్లో ఈ జాతి రోజుకు అడుగుకు పైగా పెరుగుతుంది. ఆ ఆకును నడుముకు చుట్టుకుని, అల వెంట కొట్టుకుపోకుండా వెల్లకిలా నిద్రపోయేది సీ ఆటర్, అంటే సముద్రపు నీటికుక్క. చలినీటిలో బతికే ఇతర సముద్ర క్షీరదాలకున్న కొవ్వు పొర దీనికి లేదు. ఒక చదరపు అంగుళంలో 10 లక్షల దాకా వెంట్రుకలుండే ఉన్నే దాని దుప్పటి, ఒకప్పుడు ఆ ఉన్నే దాని ప్రాణానికి ముప్పు కూడా అయింది. ఉన్ని వ్యాపారులు వేటాడి వేటాడి, కాలిఫోర్నియాలో ఇవి అంతరించాయనే అనుకున్నారు. 1938లో ఇక్కడికి దక్షిణాన, బిక్స్‌బీ వాగు సముద్రంలో కలిసే చోట, ఒక యాభై జంతువులు జనం కంటబడ్డాయి. నేడు ఈ తీరంలో ఉన్న సుమారు 3 వేలూ ఆ మిగులు గుంపు సంతానమే. వేడి నిలుపుకోవడానికి రోజూ తన బరువులో నాలుగోవంతు తినవలసిన ఈ జంతువు, కెల్ప్‌ను రాతికి పట్టి ఉంచే వేళ్లలాంటి భాగాలను కొరికేసే సీ అర్చిన్ అనే ముళ్ల జీవులను కూడా తింటుంది గనుక, అది తిరిగి వచ్చిన చోట ఆ నీటి అడవికి కాస్త ఊపిరాడింది. గుండెల మీద రాయి పెట్టుకుని, దానికేసి నత్తగుల్లను టకటక కొట్టే చప్పుడు, గాలి తగ్గినప్పుడు ఒడ్డుదాకా వినిపిస్తుంది.

దక్షిణపు భాగంలో రాళ్లది ప్రత్యేక ఆకర్షణ. ఎడ్వర్డ్ వెస్టన్ అనే ఫొటోగ్రాఫరు పేరుతో పిలిచే చిన్న తీరంలో, సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట సముద్రగర్భంలో పేరుకుని గట్టిపడిన గులకరాళ్ల పొరలు పేజీల్లా విచ్చుకుని ఉంటాయి. వెస్టన్ తన చివరి ఫొటోలు 1948లో పాయింట్ లోబోస్‌లోనే తీశాడు. అంతకుమించి కొసన ఉన్న బర్డ్ ఐలండ్ మీద కార్మోరెంట్ అనే నీటికాకులు గూళ్లు కడతాయి, డిసెంబరు నుంచి వసంతం దాకా గ్రే తిమింగలాలు ఊపిరి చిమ్ముతూ దూరంగా సాగిపోతుంటాయి. వసంతంలో హార్బర్ సీళ్లు పిల్లల్ని కనే వేళకు కొన్ని తీరాలకు మనుషుల్ని దిగనివ్వరు. అప్పుడు వెళ్లిన స్నేహబృందం కొండ అంచునే నిలబడి, కింద ఆకుపచ్చని నీటిలో తల్లి పక్కన ఈత నేర్చుకుంటున్న పిల్లను, ఒకే బైనాక్యులర్‌ను చేతులు మార్చుకుంటూ, చూడవలసి వస్తుంది.