కైసరు కుంచము
వాక్యభాగము: అపొ. కార్యములు 11:27–30



రేడియో, పత్రిక లేని కాలములో రాజు మాటను ఇంటింటికీ మోసినది నాణెము. తిబెరి కైసరు వెండి దేనారములు మన నల్గొండ ప్రాంతపు అక్కనపల్లెలోనూ దొరికాయి. ఆ నాణెములు చెప్పిన మాటల్లో ఒకటి తిండి గురించినది.

క్రీ.శ. 41లో క్లౌదియ కైసరు గద్దెనెక్కే నాటికి రోమాలో ఏడెనిమిది రోజుల తిండే మిగిలిందని సెనెకా రాశాడు. ఆ ఏడే క్లౌదియ వేయించిన చిన్న రాగి కాసు మీద మూడు కాళ్ళ కుంచము ఉంది. దీపమును కుంచము క్రింద పెట్టరని ప్రభువు చెప్పాడు కదా, ఆ కొలపాత్రే ఇది. 'మీ గింజలు నేను కొలిచి పోస్తాను' అని పేదవాని చేతిలోని కాసు చెప్పింది.

నీరో నాణెం మీదనైతే పంటల దేవత సెరెస్, ధాన్య సరఫరాకు రూపమైన అన్నోనా, మధ్య కుంచము, వెనుక ఓడ. పౌలు ఎక్కిన అలెక్సంద్రియ ఓడలోనూ గోధుమలే ఉన్నాయి (అపొ. 27:38).

మరి బొమ్మ కడుపు నింపిందా? క్లౌదియ ఓస్తియ దగ్గర రేవు కట్టించిన మాట నిజమే. అయినా క్రీ.శ. 51లో ధాన్యం 15 రోజులకే మిగిలినప్పుడు జనం ఆయనను చుట్టుముట్టి రొట్టె ముక్కలతో కొట్టారు. నీరో చివరి రోజుల్లో జనం ఆకలితో ఉండగా, అలెక్సంద్రియ ఓడలో మల్లుల గోదాకు ఇసుక వచ్చిందని సుయెటోనియస్ రాశాడు.

ప్రియులారా, ఆ కుంచము రోమా పట్టణం కోసము. క్లౌదియ కాలమందే యూదయలో కరువు వచ్చింది. అగబు ముందే చెప్పగా, అంతియొకయ విశ్వాసులు ఎవరి శక్తికొలది వారు పోగుచేసి బర్నబా, సౌలుల చేత పంపారు. ఇచ్చినవారి పేర్లు కూడా లేఖనములో లేవు. ఏ నాణెమూ వేయించుకోలేదు.

మన గాండ్లపెంట, కదిరి ప్రాంతమునకు కరువు కొత్త కాదు. 1876–78 నాటి ధాత కరువు రాయలసీమనంతా మాడ్చింది. వాన లేక వేరుశనగ ఎండిన ఏడు పొరుగింట పొయ్యి వెలగలేదని తెలిస్తే మనమేం చేస్తాము? బియ్యం పంచి, సంచి పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటే మనమూ కైసరు కాసు వేయించినట్టే. మన తల్లులు ఎసరు పెట్టే ముందు పక్కన తీసే పిడికెడు బియ్యానికి బొమ్మ లేదు, పేరు లేదు. కాని ఆకలిగొన్నవానికి అది అన్నమవుతుంది. ఆ పిడికిలి మన సంఘములో మూతపడకుండునట్లు దేవుడు కృప చూపును గాక. ఆమేన్.